బిడ్డ నడకలో మన చెయ్యి ఎంత?



ఏడాది నిండిన బిడ్డ ఇంకా అడుగు వెయ్యకపోతే ఇంటికి వచ్చిపోయేవాళ్లంతా అడిగేది ఒకటే మాట: "ఇంకా నడుస్తలేడా?" మన గడ్చిరోలి జిల్లాలో జిమల్‌గట్ట నుంచి సిరోంచా దాకా, తెలుగు మాట్లాడే ఇళ్లలోనే కాదు, పక్కన మాడియా, గోండి, మరాఠీ మాట్లాడే ఇళ్లలోనూ ఈ మాట వినిపిస్తుంది. అందులో ఆరా ఎంత ఉంటుందో ఎత్తిపొడుపూ అంతే ఉంటుంది. అది తల్లికి గుచ్చుకుంటుంది. మర్నాటి నుంచి ఇంట్లో తొందర మొదలు. బిడ్డ రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని వాకిలంతా తిప్పుతారు. ఆలాపల్లిలోనో, గోదావరి వంతెన దాటి తెలంగాణ పట్నాల్లోనో ప్లాస్టిక్ వాకర్ కొనుక్కొస్తారు. ఇదంతా ప్రేమతో చేసేదే, కాదనను. కానీ నడకలో మనం నేర్పగలిగేది చాలా తక్కువని, మనం ఇవ్వగలిగిన అసలు సాయం వేరే ఉందని నా వాదన. బిడ్డకు నేల కావాలి, ఆ నేల మీద గడిపేందుకు పొద్దు కావాలి, ఒంట్లో సత్తువ కావాలి. ఈ మూడూ చూడాల్సింది మనం. వీటితో పాటు ఎన్ని నెలల దాకా నిబ్బరంగా ఉండవచ్చో, ఎప్పుడు దాటితే ఊరుకోకూడదో తెలిసి ఉండాలి.

ముందు నెలల లెక్క చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, భారత్, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో 816 మంది పిల్లలను నాలుగో నెల నుంచి నడక వచ్చేదాకా వరుసగా గమనించి, 2006లో ఫలితాలు ప్రకటించింది. మన దేశం తరఫున లెక్కలోకి వచ్చినవాళ్లు దక్షిణ ఢిల్లీ పిల్లలు. అందరూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లే, తల్లిపాలు తాగినవాళ్లే. అయినా వాళ్లలో ఆసరా లేకుండా నడిచిన వయసు ఒక్కలాగా లేదు. ఎనిమిది నెలలకే నడిచినవాళ్లున్నారు, పదిహేడున్నర నెలలు వచ్చాక నడిచినవాళ్లూ ఉన్నారు. అంటే తొమ్మిది నెలల తేడా ఉన్నా ఇద్దరూ మామూలు పిల్లలే. పారాడటం సంగతి ఇంకా చిత్రం. వాళ్లలో నూటికి నలుగురు చేతులూ మోకాళ్లూ ఆనించి పారాడనేలేదు, సరాసరి లేచి నిలబడ్డారు. మన ఊళ్లలోనూ కొందరు పిల్లలు పారాడకుండా కూర్చున్నచోటు నుంచే డేకుతూ ముందుకు పోతారు, ఆ తర్వాత లేస్తారు. కాబట్టి పక్కింటి బిడ్డ పదో నెలలో నడిచాడని మన బిడ్డను పదకొండో నెలలో నిలదీయడంలో అర్థం లేదు. పక్కింటి బిడ్డతో కాక పద్దెనిమిదో నెలతో పోల్చి చూసుకోవాలి. ఆ నెల సంగతి చివర్లో చెబుతాను.

ఇక బిడ్డ నడక ఎట్లా నేర్చుకుంటుంది? న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కారెన్ అడాల్ఫ్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు దీన్ని లెక్కపెట్టి చూశారు. ఏడాది నుంచి ఏడాదిన్నర దాటిన వయసు దాకా ఉన్న పిల్లలను బొమ్మలున్న గదిలో స్వేచ్ఛగా వదిలి వీడియో తీశారు. 2012లో వచ్చిన ఆ లెక్క ప్రకారం సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. గంటకు పదిహేడు సార్లంటే మూడున్నర నిమిషాలకు ఒకసారి పడ్డట్టు! పైగా ఆ నడక తిన్నగా సాగదు. రెండడుగులు వేసి ఆగడం, పక్కకు తిరగడం, వెనక్కి ఒక అడుగు, ఉన్నచోటే ఒక గుండ్రం, మళ్లీ కూలబడటం. ఏదో ఒకచోటికి చేరాలన్న పట్టుదల కూడా ఎక్కువసార్లు ఉండదు. ఒళ్లు నిలిపే విద్య ఈ అడ్డదిడ్డపు తిరుగుడులోనే వస్తుంది. పడబోయే ముందు నడుము ఎట్లా సర్దుకోవాలి, పాదం ఎంత ఎడంగా వెయ్యాలి, తలను ఎటు వాల్చాలి, ఇవి ఒకరు చెబితే వచ్చేవి కావు. మనం చెయ్యి పట్టుకుని వాకిట్లో ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా నడిపిస్తే, ఒరిగే బరువును మన చెయ్యి మోస్తుంది. అడుగులు బిడ్డవి, నిలుపు మనది. నేర్చుకోవలసింది ఆ నిలుపే కదా.

పల్లె ఇల్లు పట్నపు ఇంటికంటే మెరుగ్గా ఉండే చోటు ఇదే. పేడతో అలికిన మట్టి వాకిలి, పట్టుకుని లేవడానికి అందే ఎత్తులో నులక మంచం, గోడ వెంట జరిగి జరిగి నడవడానికి అరుగు, ఇంతకు మించిన సరంజామా ఏ దుకాణంలోనూ దొరకదు. మంచం పట్టె పట్టుకుని పక్కకు జరిగే బిడ్డ ఆ పక్క అడుగులతోనే తుంటి కండరాలను గట్టిపరుచుకుంటుంది. ఆ పట్టె మీద, బిడ్డకు ఒక్క అడుగు దూరంలో, నచ్చిన గిన్నె పెట్టి చూడండి. తర్వాత రెండడుగుల దూరంలో పెట్టండి. మంచానికీ గోడకూ నడుమ ఒక్క అడుగు సందు వదలండి, ఆ సందు దాటడానికి రెండు చేతులూ వదలక తప్పదు. చెప్పులు, బూట్లు ఇంట్లో అక్కర్లేదు. పాదం నేలను తాకితేనే దానికి పట్టు తెలుస్తుంది. మొలతాడు తప్ప ఒంటి మీద ఏమీ లేకుండా తిరిగే పల్లె పిల్లలను చూసి పట్నపు చుట్టాలు నవ్వుతారు గానీ, అడాల్ఫ్ బృందమే ఇంకో పరీక్షలో డైపర్ కట్టినప్పటికంటే ఏమీ కట్టనప్పుడు పిల్లలు మెరుగ్గా నడిచారని చూపించింది. కాళ్ల మధ్య లావుపాటి గుడ్డ ఉంటే అడుగులు ఎడంగా పడతాయి. ఈ విషయంలో మన బాపమ్మల అలవాటుకు శాస్త్రం ఓటు వేసిందన్నమాట.

చెయ్యి అసలు పట్టుకోవద్దా అంటే, పట్టుకోవచ్చు. ఎట్లా పట్టుకోవాలన్నదే మాట. బిడ్డ చేతులు తల కంటే పైకి లేచాయంటే మనం బిడ్డను నడిపించడం లేదు, వేలాడదీస్తున్నాం. మీరే కింద కూర్చుని, బిడ్డ రొమ్ము ఎత్తులో ఒక వేలు అందించండి. ఇష్టమైతే పట్టుకుంటుంది, లేకపోతే వదిలేస్తుంది. కాకపోతే తుంటి దగ్గర రెండు అరచేతులూ తేలిగ్గా ఆనించండి. ఇంకొక హెచ్చరిక. బిడ్డ కూలబడినప్పుడు ఒక్క చెయ్యి పట్టి గుంజి లేపడం, ఆటగా రెండు చేతులు పట్టి గిర్రున తిప్పడం మన దగ్గర బాగా అలవాటు. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్లో మోచేతి దగ్గర ఎముకను పట్టి ఉంచే కట్టు ఇంకా వదులుగా ఉంటుంది. అట్లా గుంజితే ఎముక పక్కకు జారవచ్చు. అప్పుడు బిడ్డ ఆ చెయ్యి కదపదు, ముట్టుకుంటే ఏడుస్తుంది. డాక్టరు నిమిషంలో సరిచేస్తారు, అనవసరంగా కట్లు కట్టించకండి. లేపాలంటే చంకల కింద పట్టి లేపండి, అంతే.

ఇక వాకర్ సంగతి. మధ్యలో కూర్చునే బట్ట సీటు, చుట్టూ ప్లాస్టిక్ గుండ్రం, కింద చక్రాలు ఉన్న దాని గురించి నేను చెబుతున్నాను. కొనేవాళ్లు నడక త్వరగా వస్తుందనే కొంటారు. పరీక్షలు చూస్తే వ్యవహారం తలకిందులుగా ఉంది. 1999లో అమెరికాలో సీగెల్, బర్టన్ అనే ఇద్దరు వంద మందికి పైగా పసివాళ్లను పోల్చి చూస్తే, వాకర్‌లో తిరిగినవాళ్లు కూర్చోవడం, పారాడటం, నడవడం మూడింటిలోనూ వెనకబడ్డారు. తమ పాదాలు తమకు కనిపించకుండా పెద్ద పళ్లెం అడ్డున్న వాకర్లలో తిరిగినవాళ్లు మరీ వెనకబడ్డారు. 2002లో ఐర్లాండ్ పిల్లల మీద వచ్చిన ఇంకొక లెక్కలో వాకర్‌లో గడిపిన ప్రతి ఇరవై నాలుగు గంటలకూ ఒంటరి నడక సుమారు మూడు రోజులు వెనక్కి జరిగింది. కారణం ఊహకు అందేదే. అందులో బిడ్డ బరువు సీటు మోస్తుంది, బిడ్డ వేళ్ల కొసలతో నేలను తన్నుకుంటుంది. పడే అవకాశం లేదు కనక నిలబడే అభ్యాసమూ లేదు. పోనీ, మూడు నాలుగు రోజులు ఆలస్యమైతే కొంప మునగదు అనుకుందాం. దెబ్బల మాటేమిటి? చక్రాల మీద బిడ్డ కన్ను మూసి తెరిచేలోగా అర్ర దాటుతుంది, అరుగు మీద నుంచి తలకిందులుగా పడుతుంది, పొయ్యి దగ్గరికీ పోతుంది. అందుకే కెనడా 2004లో వీటి అమ్మకాన్నే నిషేధించింది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘమూ నిషేధించమని 2001 నుంచి అడుగుతోంది. మన బజార్లలో మాత్రం పుట్టినరోజు కానుకగా చెలామణి అవుతున్నాయి.

దీనికి పెద్దవాళ్లు వెంటనే ఒక అభ్యంతరం చెబుతారు. "మా కాలంలో మూడు చక్రాల చెక్క బండి ఉండేది కదా, అందరం దాంతోనే నడిచాం, ఏమైంది?" ఏమీ కాలేదు, కారణం ఆ బండి వేరే జాతి. వడ్లాయన చేసిచ్చే నడక బండిలో కూర్చునే చోటు లేదు. బిడ్డ తన కాళ్ల మీద తాను లేచి, కర్ర పట్టుకుని, బండిని తోసుకుంటూ వెనక నడవాలి. బరువు తనదే. అలిసిపోతే వదిలేసి కూర్చుంటుంది. కాబట్టి నిలబడటం వచ్చిన బిడ్డకు, ఎత్తుపల్లాలు లేని వాకిట్లో, పెద్దవాళ్లు పక్కన ఉండగా అది పనికొచ్చే వస్తువే. చక్రాలు మరీ జోరుగా తిరగకుండా బండి మీద కాస్త బరువు పెడితే ఇంకా మంచిది. చెక్క బండిని పాతదని అటక మీదికెక్కించి దాని చోటులో వాకర్ కొనడం డబ్బు పెట్టి నష్టం తెచ్చుకోవడమే.

చదువుకున్నవాళ్ల నుంచి వచ్చే అభ్యంతరం ఇంకొకటి ఉంది. నేర్పితే రాదనడం తప్పు, ఆఫ్రికా తల్లులు నేర్పుతున్నారు కదా అంటారు. నిజమే. కెన్యాలో కిప్సిగిస్ అనే జాతివాళ్లు పసిబిడ్డకు కూర్చోవడం, నిలవడం, నడవడం పనిగట్టుకుని అభ్యాసం చేయిస్తారు. 1970లలో చార్లెస్ సూపర్ అనే పరిశోధకుడు అక్కడ చూసి, అభ్యాసం చేయించిన పనులు ఆ పిల్లలకు త్వరగా వస్తున్నాయని రాశాడు. పడమటి ఆఫ్రికాలో బిడ్డను నలిచి, సాగదీసి స్నానం చేయించే పద్ధతి మన కాళ్ల మీద పడుకోబెట్టి నూనె మర్దనతో చేయించే స్నానానికి దగ్గరగానే ఉంటుంది. వీటి ఫలితాన్ని నేను తోసిపుచ్చను. కానీ కిప్సిగిస్ తల్లి చేసేది బిడ్డ కండరాలకు పని చెప్పడం. వాకర్ చేసేది ఆ పనిని లాక్కోవడం. రెండూ ఒక గాటన కట్టకూడదు. ఇక, త్వరగా నడిస్తే ఏం లాభం అన్న ప్రశ్న మిగిలింది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించిన పరిశోధకులు, ఆరోగ్యవంతులైన పిల్లల్లో ముందు నడిచారా వెనక నడిచారా అన్నదానికీ బడి వయసులో తెలివికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదని 2013లో ప్రకటించారు. అడుగులేస్తే అరిసెలు పంచుకోవడం మన సంబరం, కానివ్వండి. పదో నెలలోనే పంచాలన్న పంతం ఎందుకు?

నేల మీద వదలమంటున్నావు సరే, మా ఇళ్లలో నేల అంత క్షేమమా అని అడిగేవాళ్లకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. కట్టెల పొయ్యి, నీళ్ల గోళెం, వానాకాలంలో తేళ్లు, పాములు, ఇవన్నీ నిజమైన భయాలే. అందుకే మన శ్రమ నడిపించడం మీద కాకుండా నేలను సర్దడం మీద పెట్టమంటున్నాను. పొయ్యికి అడ్డుగా ఏదైనా బరువైన బల్ల, నీళ్ల పాత్రలకు మూతలు, కట్టెల కుప్ప వాకిలికి దూరంగా, ఇవి ఒక్కరోజు పని. కన్ను మాత్రం రోజూ వేసి ఉండాల్సిందే. అందులోనూ కొత్తగా నడక వచ్చిన వారాల్లో ఇంకా జాగ్రత్త కావాలి. పారాడే బిడ్డ కొన్ని వారాల్లో అరుగు అంచు దగ్గర ఆగడం నేర్చుకుంటుంది. అది చూసి తల్లి ధీమా పడుతుంది. అదే బిడ్డ లేచి నడవడం మొదలుపెట్టగానే ఆ నేర్పు పోతుంది. ఏటవాలు పలకల మీద అడాల్ఫ్ చేసిన పరీక్షల్లో, పారాడేటప్పుడు అంచున జాగ్రత్తగా ఆగిన పిల్లలే కొత్తగా నడిచేటప్పుడు నేరుగా అంచు దాటేశారు. కొత్త భంగిమకు కొత్త అనుభవం కావాలి. కాబట్టి "మా వాడికి అరుగు తెలుసులే" అన్న నమ్మకం తొలి అడుగుల నాడు చెల్లదు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ఎండాకాలం వచ్చిందంటే ముందు ఇప్పపువ్వు, వెంటనే తునికాకు. తెల్లారకముందే తల్లి అడవికి పోతుంది. బిడ్డను గుడ్డలో కట్టుకుని తీసుకుపోతుంది, లేదా ఏడెనిమిదేళ్ల అక్క చంకకెత్తుతుంది. అడవిలో కింద దించలేరు, అక్క చంక దించదు. దాంతో బిడ్డకు నేల దొరికే పొద్దు తగ్గుతుంది. పరాగ్వే అడవుల్లో ఆచే అనే జాతివాళ్లు బిడ్డలను దాదాపు ఎప్పుడూ ఎత్తుకునే ఉండేవాళ్లు. వాళ్ల పిల్లలు రెండేళ్లు రాబోతుండగా నడిచేవాళ్లని, ఆ తర్వాత కొన్నేళ్లకే చెట్లెక్కడంలో ఆరితేరేవాళ్లని అక్కడ పనిచేసిన మానవశాస్త్రవేత్తలు రాశారు. అందువల్ల చంకన పెరిగిన బిడ్డ రెండు నెలలు ఆలస్యంగా నడిస్తే బతుకంతా నష్టమని నేను చెప్పను. కానీ ఆలస్యానికి కారణం చంకేనా, వేరే ఏదైనా ఉందా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చలేం. తల్లి సాయంత్రం తిరిగొచ్చాక అరగంట, గంట బిడ్డను వాకిట్లో దించాలి. అట్లా దించినా లేవడానికి యత్నించకపోతే, అప్పుడు ఆలోచించాలి.

ఆ వేరే కారణాల్లో మొదటిది తిండి. మన దేశంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తం తక్కువని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. రక్తం తక్కువైన బిడ్డ లేవదు, లేచినా త్వరగా కూలబడుతుంది. చూసేవాళ్లు "మందకొడి" అంటారు. ఆరు నెలల వయసు నుంచే వారానికి రెండుసార్లు పోసే ఐరన్ సిరప్ ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది. దాన్ని గూట్లో పెట్టి మరిచిపోకండి. రెండోది సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. విదర్భలో, ముఖ్యంగా మన అటవీ ప్రాంతంలో ఇది ఎక్కువ. ఆరు నెలలకూ రెండేళ్లకూ మధ్య ఈ జబ్బు తరచుగా బయటపడేది అరచేతులు, పాదాలు వాచి నొప్పి పెట్టడంతోనే. నిన్నటిదాకా మంచం పట్టుకుని నడిచిన బిడ్డ ఇవాళ కాలు మోపనంటే, పాదం వాచి ఉంటే, అది మారాం కాదు. రక్తపరీక్ష చేయించాలి. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద ఈ పరీక్ష ఉచితం.

ఆస్పత్రి ఎక్కడ, మేమెక్కడ అనే మాట కాదనలేనిది. సిరోంచా నుంచి గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు, వానలకు వాగులు పొంగితే ఆ దారీ ఉండదు. కానీ మొదటి పరీక్షకు అంత దూరం పోనక్కర్లేదు. ఊళ్లో ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి పసివాళ్లను ఇంటి దగ్గరే కాపాడవచ్చని ప్రపంచానికి చూపించింది మన జిల్లాయే. డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతుల 'సర్చ్' సంస్థ ఫలితాలు 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పనిచేసిన పల్లెల్లో నవజాత శిశు మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ బాటలోనే ఇవాళ ఆశా కార్యకర్త ఇంటింటికీ వచ్చి నవజాత శిశువును చూస్తోంది. 2018 నుంచి మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలల్లో కూడా రావాలన్న కార్యక్రమం ఉంది. పదిహేనో నెల రాక సరిగ్గా నడక సమయానికే. బిడ్డ నిలబడుతోందా, ఆసరాతో నడుస్తోందా అని ఆమె అడగకపోతే మీరే చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది. ఎదుగుదలలో ఆలస్యం కనిపెట్టడం వాళ్ల పనుల్లో ఒకటి.

వింటున్న తల్లులకు, బాపమ్మలకు నా మనవి ఇది. పద్దెనిమిది నెలలు నిండినా ఆసరా లేకుండా నడవని బిడ్డను, అంతకు ముందే అయినా తొమ్మిది నెలలు దాటినా కూర్చోలేని బిడ్డను, ఒక కాలు ఈడ్చే బిడ్డను, వచ్చిన నడక పోగొట్టుకున్న బిడ్డను "మా వంశంలో అందరూ ఆలస్యమే" అని ఊరుకోకండి. అంగన్‌వాడీలోనో, జిమల్‌గట్ట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో చూపించండి. అక్కడ తేలకపోతే అహేరి ఉపజిల్లా ఆస్పత్రికి చీటీ రాయించుకోండి. తునికాకు పని మొదలైతే మీకు తీరిక దొరకదు, ఆ లోపే చూపించండి.